ఫోకస్ కుదరని రిఫ్లెక్టర్‌తో మూడు వారాలు

నా దగ్గరున్నది 114 మి.మీ. అద్దం, 900 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ తేటగా పడే చోటికి దూరం) ఉన్న మామూలు న్యూటోనియన్ రిఫ్లెక్టర్, అంటే అద్దాలతో పనిచేసే టెలిస్కోప్. దాంతోపాటు 25 మి.మీ., 10 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే లెన్సులు), వాటి రెట్లను పెంచే 3 రెట్ల బార్లో లెన్స్, బొమ్మను నిటారుగా చూపించే 1.5 రెట్ల గొట్టం వచ్చాయి. మొదటి రాత్రి ఉత్సాహం కొద్దీ అన్నీ ఒకదానికొకటి తగిలించి స్వాతి నక్షత్రం వైపు తిప్పాను. నక్షత్రం బదులు నట్టు కింద వేసే వాషర్ లాంటి వెలుగు చక్రం కనిపించింది, మధ్యలో నల్లటి చుక్కతో. ఫోకసర్ (ఐపీస్ గొట్టాన్ని లోపలికీ బయటికీ జరిపే భాగం) నాబ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పాను, చక్రం పెద్దదైంది, చిన్నదైంది, చుక్కగా మాత్రం మారలేదు. రెండో రాత్రీ అంతే, మూడో రాత్రీ అంతే. అద్దమే పాడైందేమోనని టెన్షన్ పట్టుకుంది.

ఆ నల్ల చుక్క సెకండరీ అద్దం (పెద్ద అద్దం నుంచి వచ్చే వెలుగును ఐపీస్ వైపు తిప్పే చిన్న అద్దం) నీడ అని తర్వాత తెలిసింది. ఫోకస్‌కు దూరంగా ఉన్నంతసేపూ అది కనిపిస్తుంది, దగ్గరయ్యేకొద్దీ చక్రం ముడుచుకుంటూ నీడ మాయమవుతుంది. కాబట్టి చక్రం కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఏ వైపు తిప్పితే చిన్నదవుతుందో ఆ వైపే వెళ్లాలి. చిన్నదవుతూ వచ్చి నాబ్ ఆగిపోయిందంటే గొట్టానికి జరిగే చోటు చాలట్లేదని అర్థం. నా విషయంలో జరిగింది అదే. ఐపీస్‌కూ ఫోకసర్‌కూ మధ్య అదనంగా పెట్టిన ప్రతి గొట్టమూ ఫోకస్ పడే చోటును అటో ఇటో జరుపుతుంది. నేను రెండు పెట్టాను. పైగా 10 మి.మీ. ఐపీస్‌తో 90 రెట్లు, బార్లోతో 270, నిటారు గొట్టంతో 405. నిలకడైన ఆకాశంలో కూడా అద్దం వ్యాసానికి మి.మీ.కు 2 రెట్ల దాకానే ఉపయోగం ఉంటుందంటారు, ఆ లెక్కన నా అద్దానికి 228 దాటితే ఏదీ తేటగా కనిపించదు. ఆ రెండూ పెట్టెలో పెట్టేసి 25 మి.మీ. ఐపీస్ ఒక్కటే ఉంచాను, అంటే 36 రెట్లు.

పగటిపూట పరీక్ష

చీకట్లో తడుముకోవడం కన్నా పగలు చూడటం ఎంతో మేలు, ఇది ముందే చేసి ఉంటే మూడు రాత్రులు మిగిలేవి. సూర్యుడికి పూర్తిగా ఎదురు దిక్కున, చాలా దూరంలో ఉన్న ఒక స్తంభం మీదికి తిప్పాను (పొరపాటున కూడా ట్యూబ్ సూర్యుడి వైపు తిరగకూడదు, కన్ను పోతుంది). స్తంభం తలకిందులుగా కనిపిస్తుంది, అది తప్పేమీ కాదు. నాబ్ నెమ్మదిగా తిప్పితే తీగలు ఒక్కసారిగా తేటపడ్డాయి! అక్కడే ఫోకసర్ గొట్టం మీద పెన్సిల్‌తో సన్నటి గీత గీశాను.

దగ్గరి వస్తువుకు గొట్టం ఎక్కువ బయటికి రావాలి, నక్షత్రాలకు లోపలికి వెళ్లాలి. ఎంత అనేది లెక్క కట్టొచ్చు, ఫోకల్ లెంగ్త్‌ను దాంతోనే గుణించి దూరంతో భాగిస్తే సరి. నా ట్యూబ్‌కైతే 300 మీటర్ల స్తంభానికి పడ్డ ఫోకస్ నక్షత్రాల ఫోకస్ కన్నా 2.7 మి.మీ. మాత్రమే బయట ఉంటుంది. అదే 30 మీటర్ల గోడ చూసి గీత గీస్తే 27 మి.మీ. పైనే తేడా వస్తుంది, రాత్రి మళ్లీ వెతుక్కోవాల్సిందే. అందుకే కనిపించేంతలో బాగా దూరంగా ఉన్నదాన్నే ఎంచుకోండి.

ఆ రాత్రి గీత దగ్గర మొదలుపెట్టి కాస్త లోపలికి తిప్పానో లేదో చంద్రుడి మీద గుంతలు, వాటి అంచుల నీడలు కత్తితో కోసినట్టు కనిపించాయి. చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. నాన్న కళ్లద్దాలు తీసి చూసి మసగ్గా ఉందన్నారు, ఆయన కంటికి నాబ్ కొంచెం సర్దగానే తేటపడింది. దూరం చూపు, దగ్గర చూపు తేడాలను ఫోకస్‌తోనే సరిచేసుకోవచ్చు, కాబట్టి ఒకరి కంటికి కుదిరిన ఫోకస్ ఇంకొకరికి కుదరకపోవడం మామూలే. ఐపీస్ మార్చినప్పుడూ అంతే, 25 నుంచి 10కి మారితే మళ్లీ సర్దుకోవాలి.

10 మి.మీ. దగ్గర మళ్లీ ఆగిపోయాను

36 రెట్ల దగ్గర అంతా బాగుంది. 90 దగ్గర నక్షత్రం చుక్కలా నిలవకుండా ఒక పక్కకు తోక సాగినట్టు ఉంది. ఎంత తిప్పినా తోక పోదు. అంటే ఫోకసర్ తన పని చేస్తోంది, తప్పు ఇంకెక్కడో ఉంది. నక్షత్రాన్ని మధ్యలో పెట్టి కావాలనే కొంచెం ఫోకస్ తప్పించి చూశాను. చక్రంలో నీడ మధ్యలో లేదు, ఒక అంచుకు జరిగిపోయి ఉంది. అద్దాల వరస తప్పిందనడానికి అదే గుర్తు, దాన్ని సర్దడమే కొలిమేషన్.

దీనికోసం అమ్మే లేజర్ పరికరం కొనలేదు. ఫోకసర్ మీది ప్లాస్టిక్ మూతకు సరిగ్గా నడిమధ్యన 2 మి.మీ. చిల్లు పెట్టి దాంట్లోంచి చూశాను. ముందు సెకండరీ అద్దంలో పెద్ద అద్దం మొత్తం కనిపించాలి, దాన్ని పట్టుకున్న మూడు క్లిప్పులూ కనిపించాలి. నాకు రెండే కనిపించాయి. సెకండరీ వెనకున్న మూడు చిన్న స్క్రూల్లో ఒకటి వదులు చేసి మిగతావి అంతే బిగిస్తూ పోతే మూడో క్లిప్పు కూడా చూపులోకి వచ్చింది. ఇక్కడ తొందర పనికిరాదు, ఒక్కోసారి పావు చుట్టు చాలు, ట్యూబ్‌ను అడ్డంగా ఉంచితే స్క్రూడ్రైవర్ జారినా పెద్ద అద్దం మీద పడదు.

తర్వాత పెద్ద అద్దానికి నడిమధ్య గుర్తు కావాలి, నాదానికి లేదు. అద్దాన్ని బయటికి తీసి, దాని సైజులోనే కాగితం గుండ్రంగా కత్తిరించి రెండుసార్లు మడిచి, మడత కలిసే చోట చిల్లు పెట్టాను. ఆ కాగితాన్ని అద్దం మీద తేలిగ్గా పరిచి, చిల్లు దగ్గర పెన్‌తో చుక్క పెట్టి, చుట్టూ ఫైల్ కాగితాలకు అతికించే చిన్న రింగు స్టిక్కర్ అంటించాను. అద్దం మధ్యభాగం ఎలాగూ సెకండరీ నీడలోనే ఉంటుంది, అక్కడ గుర్తు పెడితే బొమ్మకు నష్టం లేదు. వేలు మాత్రం అద్దానికి తగలనివ్వకూడదు, దుమ్ము కనిపించినా గుడ్డతో తుడవకూడదు. మళ్లీ బిగించాక వెనక స్క్రూలు తిప్పుతూ మూత చిల్లు ప్రతిబింబం ఆ రింగులో పడేలా సర్దాను. వెనక స్క్రూలు జతలుగా ఉంటాయి, ఒకటి కదపడానికి, ఒకటి బిగించడానికి. బిగించేవి వదులు చేయకుండా కదిపేవి తిప్పితే మర పోతుంది.

ఆ రాత్రి తోక పోయింది కానీ నక్షత్రం మూడు మూలలుగా కనిపించింది. ఇది చూసి నిజంగా నీరసం వచ్చింది. కారణం నేనే, అద్దం తిరిగి పెట్టేటప్పుడు మూడు క్లిప్పులూ గట్టిగా బిగించేశాను, ఆ ఒత్తిడికి గాజు కొంచెం వంగుతుంది. క్లిప్పుకూ అద్దానికీ మధ్య కాగితం ముక్క సులువుగా దూరేంత వదులు చేశాక మూలలు పోయాయి. నక్షత్రం ఒక దిక్కుకు సాగితే ఇంకో చిన్న పరీక్ష ఉంది. తల పక్కకు వంచి చూడండి, సాగిన దిక్కు తలతోపాటు తిరిగితే లోపం కంటిది. ఐపీస్ తిప్పితే తిరిగితే ఐపీస్‌ది. రెండింటికీ తిరగకపోతే అద్దాల దగ్గరికి వెళ్లాలి.

బట్టల క్లిప్పు

నా ఫోకసర్ నాబ్ ఒక చుట్టు తిరిగితే గొట్టం 20 మి.మీ. జరుగుతుంది. ఇలాంటి ట్యూబ్‌కు సరిగ్గా ఫోకస్ నిలిచే పరిధి సుమారు 0.14 మి.మీ. అంటే చుట్టులో నూట నలభయ్యో వంతు, వేళ్లతో అంత సన్నగా తిప్పడం కష్టం. ఒక బట్టల క్లిప్పును నాబ్‌కు కరిపించి దాని కొసను తోస్తే పని ఎంత తేలికైపోయిందో! కొస సెంటీమీటరు కదిలితే నాబ్ కొద్దిగానే తిరుగుతుంది, ట్యూబ్ ఊగడమూ తగ్గుతుంది. గొట్టం ఊగిసలాట కూడా ఉండేది, నాబ్ దిక్కు మార్చగానే నక్షత్రం పక్కకు గెంతేది. ఫోకసర్ కింద పట్టీకున్న రెండు స్క్రూలు కొంచెం బిగిస్తే తగ్గింది.

బయట పెట్టిన వెంటనే 90 రెట్లలో చూడకండి. అద్దం లోపలి వేడి బయటి గాలితో సమం అయ్యేదాకా బొమ్మ నీటి అడుగున ఉన్నట్టు అలలు వేస్తుంది, నాదానికి దాదాపు 40 నిమిషాలు పడుతోంది. నేల అంచుకు దగ్గరగా ఉన్న గ్రహమూ అలాగే కనిపిస్తుంది, అది పైకి వచ్చేదాకా ఆగాలి తప్ప ఫోకసర్‌ను తిట్టుకుని లాభం లేదు.

నిన్న రాత్రి 90 రెట్లలో వశిష్ఠను చూశాను. అరుంధతి ఎటూ దూరంగా విడిగా కనిపిస్తుంది, నాకు కావాల్సింది వశిష్ఠే. అది ఒక్క నక్షత్రంలా ఉన్నా నిజానికి జంట, మధ్య ఎడం 14 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). క్లిప్పు కొసను వేలితో తాకి తాకి తోస్తుంటే వెలుగు ముద్ద కుదించుకుని రెండు సూది మొనలై విడిపోయింది, మధ్యలో నల్లటి సందుతో సహా.

మిగిలింది కెమెరా. డీఎస్‌ఎల్‌ఆర్‌ను టీ రింగుతో (కెమెరాను టెలిస్కోప్‌కు కలిపే రింగు) తగిలిస్తే చంద్రుడు కూడా ఫోకస్ కావట్లేదు, నాబ్ పూర్తిగా లోపలికి తిప్పినా ఇంకా వెళ్లాల్సి ఉంది. టీ రింగు ముందు అంచు నుంచి సెన్సార్ 55 మి.మీ. వెనక ఉంటుంది, ఐపీస్‌కు అంత దూరం అవసరం లేదు కాబట్టి ఈ ఫోకసర్‌ను దానికి సరిపడేలా చేయలేదు. బార్లో పెడితే ఫోకస్ బయటికి జరిగి అందుతోంది కానీ చంద్రుడు ఫ్రేములో పట్టట్లేదు. పెద్ద అద్దం వెనక పొడవాటి బోల్టులు వేసి దాన్ని 20 మి.మీ. ముందుకు జరిపి చూడాలనుకుంటున్నాను. పెన్సిల్ గీత మళ్లీ కొత్తగా గీయాలి.