స్నోమొబైల్‌కి ఏ జీపీఎస్ కొనాలి?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన జనవరి రాత్రుల్లో మైనస్ 30 డిగ్రీలు వింతేమీ కాదు. ఆ చలికి ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోతుంది, అడవిలో సిగ్నల్ కూడా దొరకదు. అందుకే మంచు మీద నడిచే ఈ బండికి విడిగా జీపీఎస్ కావాలి.

ముందు చూడాల్సింది బటన్లు. మందపాటి గ్లవ్స్ తొడుక్కుంటే చాలా టచ్ తెరలు పలకవు, తడి మంచు పడితే వాటంతటవే నొక్కుకుంటాయి. నా ఓటు గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 66ఎస్ లాంటి బటన్ల రకానికే. దాన్లో రెండు ఏఏ బ్యాటరీలు పడతాయి. ఆల్కలైన్‌వి చలికి త్వరగా చతికిలబడతాయి, రీచార్జ్ కాని లిథియంవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి. రీచార్జ్ అయ్యే లిథియం అయాన్ సెల్‌ను మాత్రం సున్నా కింద చార్జ్ చేయకూడదు, పాడవుతుంది.

బండి కరెంటు వాడతారా? తాడు లాగి స్టార్ట్ చేసే చాలా మోడళ్లలో బ్యాటరీ ఉండదు. బండి వైర్లలో వచ్చే కరెంటు ఏసీనో డీసీనో ముందు మల్టీమీటర్‌తో చూడండి. ఏసీ అయితే దాన్ని డీసీగా మార్చి వోల్టేజీని అదుపులో ఉంచే రెక్టిఫయర్-రెగ్యులేటర్ తప్పదు. వైరుకు ఫ్యూజు, జీపీఎస్‌ని బిగించే మౌంటుకు అదనంగా ఓ తాడు ఉండాలి. వైబ్రేషన్‌కి స్క్రూలు వదులవుతాయి.

ట్రైల్స్ (స్నోమొబైల్ దారులు) చాలావరకు ప్రైవేటు భూముల మీదుగా పోతాయి, యజమాని కాదంటే దారి మారుతుంది. కాబట్టి ఏటా మ్యాపు అప్‌డేట్ చేయాలి. సరస్సు మీదుగా గీత కనిపించిందని నమ్మకండి: స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాల గట్టి ఐసు కావాలి, దాన్ని రంధ్రం చేసి కొలవాల్సిందే.