స్వామిది ఒక ఊరు, సేవకుడిది మరో ఊరు

సౌరాష్ట్రే సోమనాథం చ శ్రీశైలే మల్లికార్జునమ్
ఉజ్జయిన్యాం మహాకాళం ఓంకారమమలేశ్వరమ్

ద్వాదశ జ్యోతిర్లింగ స్తోత్రం ఇలా మొదలవుతుంది. సాయంత్రం దీపం పెట్టే వేళ తెలుగు ఇళ్లలో చాలామందికి నోటికి వచ్చే శ్లోకమే ఇది. ఒక్కసారి ఇండియా మ్యాపు ముందు పెట్టుకుని చదివి చూడండి. పడమటి సముద్రపు ఒడ్డున సోమనాథుడి దగ్గర మొదలవుతుంది. రెండో అడుగు నేరుగా మన నల్లమలలో పడుతుంది. అక్కణ్ణుంచి మాళవంలోని ఉజ్జయినికి, నర్మద మధ్యలో ఉన్న ఓంకారానికి వెళ్తుంది. పరళి, భీమశంకరం అయ్యాక ఒక్కసారిగా సేతువు దగ్గర రామేశ్వరం. దారుకావనం తర్వాత కాశీ. మళ్లీ వెనక్కి, గోదావరి పుట్టిన త్ర్యంబకం. ఆపైన హిమాలయాల్లో కేదారం, చివరికి ఎల్లోరా పక్కన ఘుష్మేశ్వరం. ఈ వరుసలో యాత్ర చేయాలనుకుంటే దేశాన్ని అటూ ఇటూ ఎన్నిసార్లు దాటాలో!

ఫలశ్రుతి దగ్గరికి వస్తే విషయం అర్థమవుతుంది. సాయం ప్రాతః పఠేన్నరః, స్మరణేన వినశ్యతి అంది శ్లోకం. పొద్దునా సాయంత్రం చదువుకో, తలుచుకుంటే చాలు, ఏడు జన్మల పాపం పోతుందని అభయం ఇచ్చింది. అంటే ఇది ఇల్లు కదల్లేని మనిషికి కూడా అందే యాత్ర. మంచం దిగలేని పెద్దవాళ్లు, సెలవు దొరకని ఉద్యోగులు, పిల్లల్ని వదిలి రాలేని తల్లులు, అందరూ రోజుకి రెండుసార్లు సౌరాష్ట్రం నుంచి హిమాలయాల దాకా వెళ్లి రావచ్చు.

ఇక్కడో చర్చ ఎప్పుడూ వస్తుంది. వైద్యనాథుడు మరాఠ్వాడాలోని పరళిలో ఉన్నాడా, జార్ఖండ్‌లోని దేవఘర్‌లో ఉన్నాడా? నాగేశ్వరుడు ద్వారక దగ్గరా, మహారాష్ట్రలోని ఔంఢాలోనా, ఉత్తరాఖండ్‌లోని జాగేశ్వర్‌లోనా? శ్రావణంలో సుల్తాన్‌గంజ్ దగ్గర గంగనీళ్లు నింపుకుని, కావడి భుజాన వేసుకుని వంద కిలోమీటర్లకు పైగా కాలినడకన దేవఘర్ వెళ్లే భక్తుణ్ణి ఆపి, అసలు వైద్యనాథుడు మరోచోట ఉన్నాడని చెప్పడం వల్ల ఎవరికీ పుణ్యం రాదు. నన్ను పట్టి ఆలోచింపజేసే సంగతి వేరే ఉంది. ఏ క్షేత్రం చూసినా స్వామి అచ్చంగా ఆ నేలవాడే. ఆ మంచుకీ, ఆ ఇసుకకీ, ఆ అడవికీ చెందినవాడే. కానీ ఆయన సేవలో ఎక్కడో ఒకచోట దూరదేశపు మనిషికి స్థానం ఉంటుంది. అదీ అతిథిగా కాదు, హక్కుగా.

కేదారం చూడండి. దాదాపు 11,700 అడుగుల ఎత్తు. భగినీ హస్త భోజనం రోజున తలుపులు మూస్తే మళ్లీ అక్షయ తృతీయ ప్రాంతంలోనే తెరిచేది. శీతాకాలమంతా స్వామి ఉత్సవమూర్తికి ఊఖీమఠ్‌లో పూజలు. గర్భగుడిలో ఉన్నది మనం అలవాటుపడిన లింగాకారం కాదు, ఎద్దు మూపురంలా ఉండే కొండరాయి. భక్తులు తమ చేతులతో దానికి నెయ్యి రాసి, రాయిని కావలించుకుంటారు. గఢ్వాల్ కొండల్లో ఇంత లోపల ఉన్న స్వామికి పూజలు చేసేది దక్షిణాది నుంచి, ముఖ్యంగా కర్ణాటక వైపు నుంచి వెళ్లే వీరశైవులు. రావల్ అని పిలిచే పీఠాధిపతి కూడా ఆ సంప్రదాయంవారే. మనకు ఇంకా దగ్గరి సంబంధం ఒకటుంది. వీరశైవ పంచాచార్యుల్లో కేదార పీఠానికి మూలపురుషుడైన ఏకోరామారాధ్యులు మన ద్రాక్షారామంలోని లింగం నుంచి ఆవిర్భవించారని ఆ సంప్రదాయం చెబుతుంది. మరో ఆచార్యుడు రేణుకులు తెలంగాణలోని కొలనుపాక సోమేశ్వరలింగం నుంచి వచ్చారని చెబుతారు. కోనసీమ పొలాల పక్కన ఉన్న భీమేశ్వరుడికీ, మందాకిని పుట్టే మంచుకొండలకీ ముడి అలా పడింది.

బదరి జ్యోతిర్లింగం కాదు గానీ, కేదారం దాకా వెళ్లాక బదరీనాథుణ్ణి తలవకుండా ఎలా తిరిగొస్తాం? అక్కడ మూలవిరాట్టును తాకే అధికారం ఉన్న రావల్ కేరళ నంబూద్రి. స్వామికి వాడే నువ్వుల నూనెను నరేంద్రనగర్‌లో టిహరీ రాజకుటుంబపు ఇంట ముత్తయిదువలు స్వయంగా తీస్తారు. శీతాకాలానికి తలుపులు మూసేముందు సరిహద్దు పక్కనున్న మాణా గ్రామం ఆడవాళ్లు నేసిన ఉన్ని కంబళిని నేతిలో తడిపి స్వామికి కప్పుతారు. చలికి స్వామి ఒళ్లు వణుకుతుందని దిగులుపడ్డ ఆ ఊరి ఆడవాళ్ల మనసు, మలయాళ పూజారి చేతి మీదుగా, స్వామి ఒంటిమీదికి చేరుతుంది.

ఇక మన శ్రీశైలం. మల్లన్న నల్లమలవాడు. చెంచులకు ఆయన చెంచు మల్లయ్య, తమ ఆడపిల్లను చేసుకున్న అల్లుడు. అడవిలో వేటకు తిరిగే వాళ్లకు వరస కలిసిన దేవుడు. అదే స్వామి దగ్గరికి ఉగాది వచ్చేసరికి కన్నడ భక్తులు వేలల్లో కాలినడకన వస్తారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవి దాటి, కైలాసద్వారం దగ్గర కొండెక్కుతారు. కొందరు మరకాళ్లు కట్టుకుని నడుస్తారు. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లయ్య వాళ్ల అల్లుడు. అందుకని అమ్మవారికి చీర, పసుపుకుంకుమలు పుట్టింటి నుంచి తెచ్చినట్టే తెస్తారు. ఒకే దేవుణ్ణి అడవి బిడ్డలూ అల్లుడంటారు, పొరుగు రాష్ట్రంవాళ్లూ అల్లుడంటారు. ఇద్దరి మాటా చెల్లుతుంది. 12వ శతాబ్దంలో అక్క మహాదేవి కన్నడనేల నుంచి నడిచి వచ్చింది ఈ అల్లుడి కోసమే. ఆమెకైతే ఆయన ఏకంగా భర్త. తన వచనాలన్నిటి చివరా చెన్నమల్లికార్జునా అని ఆయన్నే పిలిచింది. ఆమె తపస్సు చేసిందని చెప్పే గుహ కృష్ణ ఒడ్డున ఇప్పటికీ ఉంది.

శ్రీశైలంలో శివరాత్రి నాటి పాగాలంకరణ గురించి చెప్పకపోతే నాకు ఈ వ్యాసం పూర్తయినట్టు ఉండదు. చీరాల ప్రాంతపు చేనేత కుటుంబం ఒకటి ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున తెల్లని పాగా నేస్తుంది. పెళ్లికొడుక్కి తలపాగా అది. శివరాత్రి రాత్రి, లింగోద్భవ కాలానికి ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చిమ్మచీకట్లో ఆ నేతగాడు దిగంబరుడై విమాన శిఖరం ఎక్కి, అక్కణ్ణుంచి ముఖమండపం మీది నందులను కలుపుతూ పాగా చుడతాడు. కింద గర్భగుడిలో అదే సమయానికి అభిషేకం జరుగుతూ ఉంటుంది. బయట లక్షలమంది ఉన్నా పైన ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. పాగా చుట్టడం అయ్యాక దీపాలు వెలుగుతాయి, ఆ తర్వాతే కల్యాణం. వేదమంత్రం చదివేవాళ్లు కింద ఉంటారు, మగ్గం నేసిన మనిషి శిఖరం మీద ఉంటాడు. ఆ మనిషి కొండమీదివాడు కాదు, సముద్రానికి దగ్గరి ఊరివాడు. ఏడాదంతా మగ్గం మీద కూర్చుని రోజుకో మూర నేస్తున్నప్పుడు అతని మనసు ఎక్కడుంటుందో ఊహించుకుంటే, జపమాల తిప్పే నా చేతికి సిగ్గేస్తుంది.

రామేశ్వరంలో సీతమ్మ ఇసుకతో చేసిన రామలింగం, హనుమంతుడు కైలాసం నుంచి తెచ్చిన విశ్వలింగం రెండూ ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు చిన్నబుచ్చుకోకూడదని ముందు పూజ విశ్వలింగానికే. దూరం నుంచి వచ్చినవాడికి మొదటి మర్యాద అన్నది అక్కడ స్థలపురాణంలోనే ఉంది. తమిళనాడు కొసన ఉన్న ఆ గుడిలో స్వామిని తాకి అర్చించేది శృంగేరి మఠం దీక్ష పొందిన మహారాష్ట్ర బ్రాహ్మణులు. స్వామికి ఇష్టమైన అభిషేకం గంగతో. అందుకే మన పెద్దలు రామేశ్వరంలో ఇసుక తీసుకుని ప్రయాగ త్రివేణిలో కలిపి, అక్కణ్ణుంచి గంగ తెచ్చి రామేశ్వరుడికి అభిషేకం చేయిస్తేనే కాశీయాత్ర పూర్తయినట్టు లెక్కవేసేవారు. మూతకు సీలు వేసిన రాగి గంగచెంబు పూజగదిలో లేని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. ఎవరైనా కాశీ వెళ్లొచ్చి సమారాధన చేస్తే, గంగపూజ అయ్యాక ఆ చెంబులూ, కాశీ దారాలూ వీధి వీధంతా పంచేవారు.

కాశీలో విశ్వనాథుడి గుడి సంగతీ అంతే. ఇప్పుడున్న ఆలయాన్ని 18వ శతాబ్దం చివర్లో కట్టించింది నర్మద ఒడ్డున మహేశ్వర్ నుంచి పాలించిన అహల్యాబాయి హోల్కర్. సోమనాథ్‌లో కూడా ఆమె 1783లో ఒక గుడి కట్టించింది. విశ్వనాథుడి శిఖరానికి బంగారం పంజాబ్ పాలకుడు రంజిత్ సింగ్ ఇచ్చాడు. 19వ శతాబ్దంలో తమిళ వర్తకులైన నాట్టుకోట్టై చెట్టియార్లు కాశీలో సత్రం పెట్టారు. రోజూ పూజకు కావలసిన ద్రవ్యాలు అక్కణ్ణుంచే శంభో శంభో అంటూ ఊరేగింపుగా గుడికి వెళ్తాయి. తరాలు గడిచాయి. రాజ్యాలు మారినా, ఆ పూజాద్రవ్యాలు మోసే భుజాలు మారినా, ఆ ఊరేగింపు మాత్రం సాగుతూనే ఉంది.

మా గుడి గొప్పా మీ గుడి గొప్పా అని, ఉత్తరాది పద్ధతి సరైనదా దక్షిణాదిదా అని వాదించుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. కాశీలో లింగాన్ని తాకనిస్తారు, మా దగ్గర గర్భగుడి గడప దాటనివ్వరు అని పోలికలు పెడతారు. కేదారంలో నెయ్యి రాయడం ఎంత ఆచారమో, రామేశ్వరంలో దూరంగా నిలబడి దణ్ణం పెట్టడం అంతే ఆచారం. వెళ్లిన చోట అక్కడి పద్ధతికి తలవంచడం కూడా పూజలో భాగమే.

శ్లోకంలో త్ర్యంబకం గౌతమీతటే అని వస్తుంది కదా, ఆ పాదం దగ్గర తెలుగువాళ్లు కాస్త ఆగాలి. నాసిక్ దగ్గర బ్రహ్మగిరి మీద పుట్టిన గోదావరే బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం దాటి రాజమండ్రికి వచ్చి, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. త్ర్యంబకంలో లింగం పైకి లేచి ఉండదు. గుంటలాంటి చోట బొటనవేలంత ఉండే మూడు లింగాలు, బ్రహ్మ విష్ణు మహేశ్వరులు. గురుడు సింహరాశిలోకి రాగానే అక్కడ సింహస్థ కుంభమేళా, ఇక్కడ మనకు గోదావరి పుష్కరాలు. 2015లో రెండూ జులై 14నే మొదలయ్యాయి. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. రాజమండ్రిలోనో ధర్మపురిలోనో మునక వేసేటప్పుడు సంకల్పం చెప్పుకున్నాక ఈ శ్లోకం కూడా ఒకసారి చదువుకోండి. అదే గోదావరిలో, ఎగువన త్ర్యంబకంలో, మరాఠీలో సంకల్పం చెప్పుకుంటూ ఇంకొకరు మునుగుతూ ఉంటారు.