దిష్టిబొమ్మ, దాన్ని లెక్కచేయని పక్షులు: ఈ ఏటి హాలోవీన్ వేషాల పని

ఆగస్టు చివరి వారం

అక్టోబరు 31న పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకు వెళ్లే హాలోవీన్‌కు, ఈ ఏడాది ఇంటిల్లిపాది వేషాలూ ఒకే కథలోంచి రావాలని అనుకున్నాము. రాత్రివేళ పంటపొలం అన్నది ఆ కథ. నేను దిష్టిబొమ్మను, నా భార్య కాకి, తొమ్మిదేళ్ల అబ్బాయి గబ్బిలం, మూడేళ్ల అమ్మాయి గుమ్మడికాయ. తెనాలి నుంచి వచ్చి న్యూజెర్సీలో మాతో కొన్నాళ్లు ఉండబోతున్న అమ్మకు గుడ్లగూబ వేషం మిగిలింది. గుడ్లగూబ ఇంటి మీద వాలితేనే శాంతి చేయించే రోజుల్లో పెరిగిన మనిషిని ఆ వేషానికి ఒప్పించడం ఎలాగా అని నేను తటపటాయిస్తుండగా, అది లక్ష్మీదేవి వాహనమని మనవడు ఎక్కడో చదివి చెప్పి దారి సులువు చేశాడు. ఆమె వీధుల్లో తిరగదు. వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చిన పిల్లలకు మిఠాయిలు పంచుతుంది కాబట్టి ఆమెకు శాలువా రూపంలో ఉండే వేషం చాలు.

గుడ్డ కత్తిరించే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఈ వేషాలను చూసేవారు పది అడుగుల దూరం నుంచి, పోర్చ్ దీపం వెలుగులో, మహా అయితే అర నిమిషం చూస్తారు. దగ్గరగా చూస్తే తప్ప తెలియని నగిషీల మీద గంటలు గడపడం కంటే, చీకట్లో ఆకారం చూడగానే అదేమిటో పోల్చుకోగలిగేలా చేయడం మేలు. అందుకే ప్రతి వేషానికీ ముందుగా నల్ల కాగితంతో అరచేతి పరిమాణంలో ఒక నీడ బొమ్మ కత్తిరించి తెల్లటి గోడకు అంటించాము. నీడలోనే పోలిక రాని నమూనాను రంగులు, ఈకలు కాపాడలేవు. దిష్టిబొమ్మకు భుజాలు ఇంకా వెడల్పుగా ఉండాలని, కాకికి ముక్కు కనీసం ఏడు అంగుళాలు ఉండాలని ఆ గోడ మీదే తేలింది.

కొలతలు తీసుకునేటప్పుడు చలిని లెక్కలోకి తీసుకోవాలి. అక్టోబరు చివరి సాయంత్రాల్లో ఇక్కడ కోటు లేకుండా తిరగడం కష్టం, వేషం మీద కోటు వేస్తే వేషం కనిపించదు. కాబట్టి లోపల కోటు వేయించి, ఆ కోటు మీదే ఛాతీ, చేతుల కొలతలు తీసుకుని, వాటికి మరో రెండు అంగుళాలు కలిపాను.

సెప్టెంబరు మొదటి సగం

కాకి ముక్కుతో పని మొదలైంది. దీనికి 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇ.వి.ఏ. ఫోమ్ తీసుకున్నాను. వ్యాయామం చేసేవారు నేల మీద పరుచుకునే చాపల్లో ఉండేది ఇదే పదార్థం, కాకపోతే వేషాల కోసం అమ్మే షీట్లు నున్నగా, గరుకు గీతలు లేకుండా ఉంటాయి. నమూనా కోసం ఒక పాత బేస్‌బాల్ టోపీ అంచు మీద చుట్టిన కాగితంతో ముక్కు ఆకారం తెచ్చి, దాని మీద వంటింటి ప్లాస్టిక్ పొర, ఆ పైన డక్ట్ టేపు చుట్టి, మార్కరుతో అతుకుల గీతలు గీసి, ఆ గీతల వెంట కోసి విప్పాను. అలా విప్పిన టేపు తొడుగు బల్ల మీద చదునుగా పరుచుకున్నదంటే నమూనా కుదిరినట్టు. ఎక్కడైనా పైకి లేస్తుంటే అక్కడ మరో అతుకు కావాలి. ముక్కుకు రెండు పక్క ముక్కలు, కింద ఒక ముక్క సరిపోయాయి.

ఫోమ్ కోయడానికి బ్లేడు పదును ముఖ్యం. మొద్దుబారిన బ్లేడు ఫోమును కోయదు, చింపుతుంది, ఆ చిరుగులు ఎంత రంగు వేసినా కనిపిస్తాయి. పై అతుకు దగ్గర రెండు అంచులనూ 45 డిగ్రీల వాలుగా కోస్తే మొన తేలుతుంది. అతికించడానికి కాంటాక్ట్ సిమెంట్ వాడాలి. రెండు అంచులకూ పలుచగా పూసి, తాకితే వేలికి అంటుకోనంత వరకు, అంటే పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. ఒకసారి తాకిన అంచులు ఇక జరగవు కాబట్టి ఒక కొసన మొదలుపెట్టి అంగుళం అంగుళం నొక్కుతూ పోవడమే పద్ధతి. ఈ జిగురు ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు, నిప్పుకు దగ్గరగా ఉంచకూడదు. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జిలున్న మాస్కు పెట్టుకుని చేశాను. దుమ్మును ఆపే మామూలు మాస్కు ఈ ఆవిరిని ఆపదు.

అతికిన తరువాత వేడి గాలి చిమ్మే హీట్ గన్‌తో పైపైన వేడి తగిలిస్తే ఫోమ్ మీది సన్నటి రంధ్రాలు మూసుకుని చిన్న మెరుపు వస్తుంది. ఆ తరువాత ప్లాస్టి డిప్ అనే రబ్బరు రంగు మూడు పూతలు, దాని మీద నలుపు అక్రిలిక్ రంగు. కాకి నలుపు నిజానికి ఉత్త నలుపు కాదు. నల్ల రంగు ఎండిన తరువాత, దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో ముదురు నీలం రంగును పై భాగాల మీద మాత్రమే అద్దితే దీపం కింద ఈకల మెరుపు వస్తుంది. ముక్కును టోపీ అంచుకే బిగించడం వల్ల నా భార్య ముఖం పూర్తిగా తెరిచి ఉంటుంది. పూర్తి ముఖానికి తొడుగు పెడితే పక్కలు కనిపించవు, మాట వినిపించదు, మెట్ల మీద పిల్లను ఎత్తుకోవడం సాధ్యం కాదు.

సెప్టెంబరు చివర

ఈ పదిహేను రోజులూ కుట్టుమిషను పని. గరాజ్ బల్ల దసరా బొమ్మల కొలువుకు వెళ్లిపోయింది కాబట్టి ఫోమ్ పనిని పక్కన పెట్టాల్సి వచ్చింది.

గబ్బిలం రెక్కలకు పాత నల్ల గొడుగును మించినది లేదు. ఎనిమిది ఊచల గొడుగు గుడ్డను సగానికి కోస్తే ఒక్కో రెక్కకు నాలుగేసి పలకలు వస్తాయి, అంచు వంపులు వాటంతటవే గబ్బిలం రెక్కలా ఉంటాయి. ఇనుప ఊచలను మాత్రం తీసేశాను, వాటి కొసలు పక్కన నడిచే పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాయి. ఊచలు ఉన్న చోట గుడ్డతో సన్నటి గొట్టాలు కుట్టి, వాటిలో ఫోమ్ పట్టీలు దూర్చాను. పై అంచును నల్ల హుడీ చేతుల అడుగు కుట్టుకు, మణికట్టు నుంచి నడుము దాకా జతచేశాము. రెక్కల లోపలి అంచున బూడిద రంగు రిఫ్లెక్టివ్ టేపు కుట్టాము. మామూలుగా చూస్తే అది కనిపించదు, కారు దీపాలు పడగానే రెక్క గీతలన్నీ వెలుగుతాయి. భద్రత కోసం పెట్టిన ఈ టేపే వేషానికి అన్నిటికంటే అందం తెచ్చిందని మా అబ్బాయి అభిప్రాయం, దానితో నాకు పేచీ లేదు.

గుమ్మడికాయకు నారింజ రంగు ఫ్లీస్ తీసుకున్నాము. ఫ్లీస్ అంచు పీచులుగా ఊడదు, వెచ్చగా ఉంటుంది. పిల్ల తుంటి కొలతకు రెట్టింపు వెడల్పు గల ముక్కను నిలువుగా ఎనిమిది చోట్ల మడిచి, మడతకు పావు అంగుళం లోపలగా కుట్టు వేస్తే గుమ్మడికాయ పలకలు వస్తాయి. మెడ దగ్గర, తొడల దగ్గర ఎలాస్టిక్. లోపల దూది కూరడం చాలామంది చేసే పని, కానీ దాని వల్ల పిల్ల కూర్చోలేదు, వేడికి చిరాకు పడుతుంది. దానికి బదులు గట్టి నెట్ గుడ్డను కుచ్చులుగా లోపల రెండు వరుసలు కుట్టాము. గుండ్రటి ఆకారం వచ్చింది, బరువు తెలియదు. కారులో మాత్రం వేషం తీసేసి కూర్చోబెట్టాలి. ఉబ్బిన దుస్తుల మీద కార్ సీటు బెల్టు ఒంటికి గట్టిగా పట్టదు. కాళ్ల మధ్య టిచ్ బటన్లు పెట్టడం మా ఆవిడ ఆలోచన, అవి లేకపోతే ప్రతిసారీ బాత్రూములో మొత్తం విప్పాలి.

అమ్మ శాలువా పనిని అమ్మే చేసింది. గోధుమ, బూడిద, మీగడ రంగుల ఫెల్టును తమలపాకు ఆకారంలో కోసి, కింది అంచు నుంచి పైకి, ఒక వరుస మీద మరో వరుస సగం కప్పేలా కుట్టుకుంటూ వచ్చింది. పై నుంచి మొదలుపెడితే కుట్లన్నీ బయటికి కనిపిస్తాయి.

అక్టోబరు మొదటి సగం

దసరా అయిపోయింది, బల్ల తిరిగి వచ్చింది. ఇక వాకిలి అలంకరణ.

ఉత్తుత్తి సమాధి రాళ్లకు ఇళ్ల గోడల ఇన్సులేషన్ కోసం అమ్మే రెండు అంగుళాల మందం ఫోమ్ బోర్డు కొన్నాను. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు బోర్డులో 2 అడుగులకు 4 అడుగుల రాళ్లు నాలుగు వస్తాయి. ఈ ఫోమ్ మీద మామూలు స్ప్రే పెయింటు కొడితే అందులోని ద్రావకం ఫోమును కరిగిస్తుంది, కాబట్టి ముందుగా గోడలకు వేసే నీటి రంగు పూసి పూర్తిగా కప్పాలి. బేస్‌మెంట్ గోడల్లోకి తేమ రాకుండా పూసే డ్రైలాక్ అనే రంగు ఇంకా మంచిది, అందులోని సన్నటి ఇసుక రాతి గరుకును తెస్తుంది. బూడిద రంగు ఆరాక, నీళ్లు బాగా కలిపిన నల్ల రంగును పై నుంచి పోస్తే అక్షరాల్లోకి, పగుళ్లలోకి దిగి వందేళ్ల వానలు తిన్న రాయిలా కనిపిస్తుంది.

మా వీధిలో తెలుగువారి ఇళ్లు చాలా ఉన్నాయి కనుక రెండు రాళ్ల మీద రాత తెలుగులో ఉండాలని పట్టుబట్టాను. తెలుగు అక్షరాల వంపులు బ్లేడుకు లొంగవు, గుండ్రం తిప్పేచోట ఫోమ్ గింజలుగా ఊడి వస్తుంది. పెద్ద అక్షరాలను కాగితం మీద ముద్రించి, బోర్డుకు అంటించి, చెక్క మీద బొమ్మలు కాల్చే వేడి పెన్నుతో గీతల వెంట నెమ్మదిగా పోతే నున్నటి గాడి వస్తుంది. ఇది కూడా ఆరుబయటే చేయాలి, కాలిన ఫోమ్ పొగ పీల్చకూడదు. ఒక రాయి మీద "అప్పారావు, రేపిస్తానన్నాడు" అని, రెండో దాని మీద "ఐదు నిమిషాల్లో వస్తానన్న సుబ్బారావు" అని ఉన్నాయి.

గాలికి రాళ్లు పడిపోకుండా అడుగున అంగుళం లోతు గాడి చేసి, అర అంగుళం పీవీసీ గొట్టం ముక్కలు రెండు నిలువుగా అతికించాను. లాన్‌లో 3/8 అంగుళం ఇనుప ఊచలు దిగగొట్టి, గొట్టాలను వాటి మీదికి దించితే చాలు.

గుమ్మడికాయలు కాగితంతో చేసినవి. పాత వార్తాపత్రికలను ప్లాస్టిక్ సంచిలో ఉండగా కూరి, పై నుంచి కిందికి చుట్టి నాలుగు తాళ్లు బిగిస్తే ఎనిమిది పలకలు వస్తాయి. దాని మీద మైదా లైతో కాగితపు పట్టీలు అంటించాము. గోడల మీద పోస్టర్లు అంటించే లై తయారీనే ఇది. ఉడికించేటప్పుడు ఒక చెంచా ఉప్పు వేస్తే బూజు పట్టే అవకాశం తగ్గుతుంది. పట్టీలను కత్తిరించకుండా చేత్తో చింపాలి, చిరిగిన అంచు పలుచగా ఉండి కింది పొరలో కలిసిపోతుంది. ఒక పొర వార్తాపత్రిక, తరువాతి పొర గోధుమ రంగు కాగితం వేసుకుంటూ పోతే ఎక్కడ ఖాళీ వదిలామో కనిపిస్తుంది. ఒక్కో పొరనూ ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. తొడిమ, బొడిపెలు రంపపు పొట్టును చెక్క జిగురుతో కలిపిన ముద్దతో చేశాను. కొండపల్లి బొమ్మల అవయవాలను అతికే మక్కును చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపి చేస్తారు, ఆలోచన అక్కడిదే. ఒక గుమ్మడికాయకు నారింజ బదులు నీలి ఆకుపచ్చ రంగు వేశాము. తిండి అలర్జీలున్న పిల్లలకు ఈ ఇంట్లో మిఠాయి కాని కానుకలు కూడా దొరుకుతాయని చెప్పే గుర్తు అది. ఫేర్ అనే సంస్థ దీన్ని 2014 నుంచి దేశమంతటా ప్రచారం చేస్తోంది. అమ్మ దగ్గర స్టిక్కర్లు, పెన్సిళ్లు వేరే గిన్నెలో ఉంటాయి.

అక్టోబరు 20 తరువాతి వారం

దీపావళికి కట్టిన దీపాల తోరణాలను విప్పకుండా, తెల్లవాటి స్థానంలో నారింజవి మార్చాము.

నా వేషం చివరికి మిగిలింది. గోనెగుడ్డను చిక్కటి టీ డికాక్షన్‌లో రాత్రంతా నానబెడితే పాతబడిన రంగు వస్తుంది. ముఖానికి తొడిగే సంచిలో కళ్ల దగ్గర పెద్ద రంధ్రాలు చేసి, లోపల నల్లటి దోమతెర గుడ్డ కుట్టాను. బయటివారికి చీకటి గుంటలు కనిపిస్తాయి, నాకు దారి కనిపిస్తుంది. భుజాలకు 10 మిల్లీమీటర్ల ఫోమ్ పలకలు. చేతుల అంచుల నుంచి వేలాడే గడ్డికి రాఫియా నార వాడాను. గడ్డీ గోనే త్వరగా అంటుకునేవి కాబట్టి మా వాకిట్లో మైనపు దీపం ఒక్కటి కూడా ఉండదు, గుమ్మడికాయల్లో ఉన్నవన్నీ ఎల్.ఇ.డి. దీపాలే. వాటి బొత్తాం బ్యాటరీలను పిల్లలు మింగితే ప్రాణాపాయం, అందుకే మూతకు స్క్రూ ఉన్నవే కొన్నాను. 2022లో వచ్చిన రీసెస్ లా తరువాత ఇక్కడ వినియోగదారులకు అమ్మే బొత్తాం బ్యాటరీ వస్తువుల మూతలు పిల్లల చేతికి ఊడిరాకుండా ఉండాలి.

పై అంతస్తు కిటికీలో తోలుబొమ్మలాట పద్ధతిలో ఒక కాకి నీడను ఏర్పాటు చేశాము. నల్ల అట్టతో చేసిన కాకికి రెక్క, ముక్కు వేరువేరు ముక్కలు, కీలు దగ్గర కాగితపు పిన్నులు. కిటికీకి తెల్ల దుప్పటి, వెనుక ఒకే ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బు. బల్బు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత స్పష్టంగా ఉంటుంది. బొమ్మను బల్బు వైపు జరిపితే నీడ పెద్దదై మసకబారుతుంది. డిస్కో బంతిని తిప్పే నెమ్మది మోటారుకు దారం కట్టి రెక్కను ఆడిస్తున్నాము.

నిన్న సాయంత్రం అందరమూ వేషాలు వేసుకుని వీధి చివరిదాకా నడిచి చూశాము. వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాలను ఇక్కడ తిరిగి వెనక్కి తిప్పేది నవంబరు మొదటి ఆదివారం కాబట్టి హాలోవీన్ నాడు దాదాపు ఆరు గంటల దాకా వెలుతురు ఉంటుంది, చిన్నపిల్లలు తిరిగేదీ ఆ వేళలోనే. అందుకే వెలుతురులో ఒకసారి, చీకటిలో ఒకసారి చూడడం అవసరం. గబ్బిలం రెక్కలు మెట్ల మీద కాళ్లకు అడ్డం పడుతున్నాయి కాబట్టి కింది అంచును నాలుగు అంగుళాలు పైకి మడవాలి. కాకి టోపీ ముందుకు వాలుతోంది, వెనుక పట్టీ దగ్గర కుట్టిన చిన్న సంచిలో నాణేలు వేస్తే సరితూగుతుంది. గుమ్మడికాయ టోపీని మా అమ్మాయి పది అడుగులు కూడా ఉంచుకోలేదు కనుక ఆకుపచ్చ తొడిమను జుట్టు బ్యాండుకు మార్చి కుట్టాలి. శుక్రవారం నాటి హాలోవీన్‌లోగా మిగిలిన పని ఇంతే, వాన పడే సూచన ఉంటే రాళ్ల వెనుక వైపుకు మరో పూత రంగు.