తల వంచని కూర్బేని చూడటానికి మోంపెలియే దాకా

పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెలియేకి టీజీవీ అనే వేగపు రైల్లో దాదాపు మూడున్నర గంటలు. టికెట్ కొనేటప్పుడు దిగే స్టేషన్ పేరు చూసుకోవాలి. ‘సాన్ రోక్’ ఊరి నడిబొడ్డున ఉంటుంది. ‘సూద్ ద ఫ్రాన్స్’ ఊరి బయట, అక్కడ దిగితే మళ్లీ బండెక్కాలి. సాన్ రోక్ నుంచి కొమెదీ కూడలి మీదుగా నడిస్తే పావుగంటలో ఫాబ్ర్ మ్యూజియం వస్తుంది. సోమవారం సెలవు.

ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ కూర్బే 1854లో గీసిన ‘కలయిక’ కోసమే నా ప్రయాణం. దాదాపు మీటరున్నర వెడల్పు. కుడివైపు కూర్బే: చేతిలో కర్ర, వీపున రంగుల పెట్టె, మడత ఈజిల్ (బొమ్మను నిలబెట్టే చట్రం). రంగుల తగరపు ట్యూబులు 1841లో వచ్చాయి కాబట్టే చిత్రకారుడు సరంజామా అంతా మోసుకుంటూ ఊళ్లు తిరగగలిగాడు. ఎదురుగా అతని చిత్రాలు కొనే ధనికుడు ఆల్ఫ్రెడ్ బ్రూయాస్, టోపీ తీసి పలకరిస్తున్నాడు. వెనక నౌకరు కలాస్, పక్కన కుక్క.

ముందు తలలు చూడండి. కూర్బే తల పైకి లేచి ఉంది. డబ్బిచ్చేవాడి ముందు చిత్రకారుడు అలా నిలబడటం 1855 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో చాలామందికి మింగుడు పడలేదు. నేల మీద నీడ కూర్బేకి ఒక్కడికే ఉందని విమర్శకుడు ఎద్మోన్ అబూ ఎద్దేవా చేశాడు. నిజానికి మిగతా ఇద్దరూ చెట్టునీడలో ఉన్నారు. అయినా ఆ ఎండని తన కోసం ఉంచుకున్నది కూర్బేనే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం కలాస్. అందరికంటే కిందికి వంగిన తల అతనిదే. కూర్బే అడిగిన సమానత్వం కళాకారుడికీ ధనికుడికీ మధ్యే, నౌకరు దాకా రాలేదు. అయినా అతన్ని చిత్రంలోంచి తీసెయ్యలేదు, యజమాని అంత ఎత్తు మనిషిగానే గీశాడు. కూర్బే నిజాయితీ నాకు అక్కడే కనిపించింది.

ఇక్కడే కూర్బే మరో స్వీయచిత్రం, ‘పైపుతో మనిషి’, తప్పక చూడాలి. చిన్నది, కళ్లు అరమోడ్పులు. అదీ బ్రూయాస్ కొన్నదే. 1868లో ఆయన తన సేకరణను నగరానికి ఇచ్చాడు కాబట్టి రెండూ ఒకచోట దొరుకుతున్నాయి. ఇలాంటివి వేరే ప్రదర్శనలకి వెళ్తుంటాయి, అందుకని రైలు టికెట్ కొనేముందే మ్యూజియంకి రాసి కనుక్కోండి.