పిన్ని అడిగిన వేడి ప్రశ్న

పోయిన వేసవిలో మా పిన్ని వైద్యం కోసం నెల్లూరు నుంచి చెన్నైలోని మా ఇంటికి వచ్చింది. అండాశయ క్యాన్సర్‌కు కార్బోప్లాటిన్ అనే ప్లాటినం కీమో మందు పూర్తయి ఆరు నెలలైనా గడవకముందే జబ్బు తిరగబెట్టింది. ప్లాటినం మందులకు లొంగని క్యాన్సర్ అని వైద్యులు లెక్కగట్టేది ఇటువంటిదానినే. డాక్టరుగారు మాటల మధ్య కీమో మందుకు వేడిని జోడించే చికిత్స ప్రస్తావన తేగా, పిన్ని నా వైపు తిరిగి, "ఇప్పటికే ఒళ్ళంతా వేడి చేసి నోరు పూసింది, సబ్జా నీళ్ళతో నెట్టుకొస్తున్నాను, మళ్ళీ వేడెందుకురా?" అని అడిగింది.

నోటి పూతకు కారణం త్వరత్వరగా విభజన చెందే నోటి పొర కణాలను కూడా కీమో దెబ్బతీయడమే. చికిత్సలో వాడే వేడి 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ మధ్య కొలిచి ఇచ్చేది. సిస్‌ప్లాటిన్ అనే మరో ప్లాటినం మందు డీఎన్ఏకు అతుక్కుని కణాన్ని చంపుతుంది. మొండి కణం మాత్రం మందును లోపలికి రానీయకనో, వచ్చినదాన్ని బయటికి తోడేసో, చెడిన డీఎన్ఏను బాగుచేసుకునో బతికిపోతుంది. వేడి తగిలినప్పుడు కణంలోకి మందు ఎక్కువగా చేరుతుంది, మరమ్మతుకు అవసరమైన బీఆర్‌సీఏ2 ప్రోటీను విచ్ఛిన్నమవుతుంది. అయితే కణం హీట్ షాక్ ప్రోటీన్లను తయారుచేసుకుని కొంతకాలం వేడికీ ఓర్చుకుంటుంది కనుక వెంటవెంటనే వేడి పెట్టి ప్రయోజనం లేదు.

హైపెక్ అనే పద్ధతిలో, శస్త్రచికిత్సతో కడుపులోని గడ్డలను తీసివేసిన వెంటనే వేడి మందును ఉదరకుహరంలో తిప్పుతారు. మూడో దశ అండాశయ క్యాన్సర్ ఉన్న 245 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో, 40 డిగ్రీల సిస్‌ప్లాటిన్ 90 నిమిషాలు ఇచ్చినవారి మధ్యస్థ జీవితకాలం, ఆ మందు లేకుండా శస్త్రచికిత్స జరిగిన రెండో వర్గంలోని 33.9 నెలలకు బదులు 45.7 నెలలుగా తేలిందని 2018లో ప్రకటించారు. వారు మందుకు లొంగని రోగులు కారు. పైగా రెండో వర్గానికి కడుపులో మందే పోయలేదు కాబట్టి, ఫలితంలో వేడి వాటా ఎంతో విడదీయలేము. నన్ను ఎక్కువగా ఒప్పించినది కండరం, కొవ్వు వంటి మెత్తని కణజాలాల్లో పుట్టే క్యాన్సర్ అయిన సార్కోమాపై 341 మందితో జరిగిన పరీక్ష. రెండు వర్గాలకూ ఒకే కీమో ఇచ్చి, ఒక వర్గానికి మాత్రమే గడ్డ ఉన్న చోట వేడి జోడించగా, పదేళ్ళు జీవించినవారు 42.7 శాతం నుంచి 52.6 శాతానికి పెరిగారు.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు భారం. పిన్నివి అప్పటికే బలహీనపడినందున డాక్టరుగారు వారంవారం ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే వేరే కీమో మందుకే మొగ్గారు. వేడి మంచిదని విన్న బంధువొకరు ఆమె కాళ్ళకు వేడినీళ్ళ సంచి తెచ్చిపెట్టగా నేను తీసి పక్కన పెట్టాను. ఆ మందుతో పాదాలు మొద్దుబారి కాలినా తెలియదు, చర్మంపై పెట్టిన కాపడం లోపలి గడ్డను 40 డిగ్రీలకు చేర్చనూ లేదు. జ్వరం కూడా మేలేనా అని పిన్ని అడిగినప్పుడు, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా నన్ను లేపమని చెప్పి, ఆమె తలగడ పక్కన థర్మామీటరు ఉంచాను.