సిక్ రూమ్ తాళం

మెట్లెక్కితే ఇప్పుడు ఆయాసం రావడం లేదు కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. అప్పుడైతే ఎవరికి దండం పెట్టాలో, ఎవరిని తిట్టాలో తేల్చుకునే ఓపిక కూడా లేదు.

మాది పలాస. విజయనగరం పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. వినాయక చవితికి ఊళ్లకెళ్లినవాళ్లు తిరిగొచ్చారో లేదో, ప్రతి గదిలోనూ దగ్గులే. వానలు, గదికి నలుగురం, జల్లు కొడుతుందని కిటికీలన్నీ బిడాయించి పడుకోవడం. ఫ్లూకి ఇంకేం కావాలి? జ్వరం బయటపడడానికి ఒక రోజు ముందు నుంచే ఆ వైరస్ పక్కవాళ్లకి అంటుకుంటుంది.

కాలేజీ ఏమీ చెయ్యలేదంటే అబద్ధమవుతుంది. మెస్ గుమ్మంలో శానిటైజర్ పెట్టారు. చేతులు ఎలా కడుక్కోవాలో ఫ్లెక్సీ కట్టారు, దాంట్లో సగం చైర్మన్ గారి ఫొటోనే అనుకోండి. కింది అంతస్తులో ఒక గదికి సిక్ రూమ్ అని కాగితం అంటించి, మంచాలు దూరదూరంగా వేయించి, థర్మామీటర్, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సిమీటర్ తెచ్చి పెట్టారు. ఇవన్నీ చెప్పిన సర్క్యులర్లోనే ఆఖరి లైను: హాజరు 75 శాతానికి తగ్గకూడదు, సెలవు కావాలంటే మెడికల్ సర్టిఫికెట్ తేవాలి.

ఆ ఒక్క లైను మిగతా ఏర్పాట్లన్నిటినీ మింగేసింది. అసలైతే బిళ్ల వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే క్లాసుకి రావాలి. మా వాళ్లేమో పొద్దున్నే డోలో మింగి, ముక్కు తుడుచుకుంటూ వచ్చి బెంచీలో కూర్చున్నారు. గదిలో పడుకుంటే తగ్గిపోయే పిల్లలు కూడా సర్టిఫికెట్ కోసం ఊళ్లో క్లినిక్‌కి ఆటోల్లో కిక్కిరిసి వెళ్లారు.

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఒళ్లు వెచ్చబడగానే, ఇన్‌హేలర్ చేత్తో పట్టుకుని మరీ వెళ్లి వార్డెన్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ రిజిస్టర్ లోంచి తలెత్తకుండా, "ఏడాదంతా లేని జ్వరం ఇంటర్నల్స్‌కే వచ్చిందామ్మా?" అన్నారు. వరండాలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వేశాను, ఏం చెయ్యాలో తెలియక.

మర్నాడు రాత్రి పడుకుంటే ఊపిరి అందడం మానేసింది. లేచి కూర్చుంటే కాస్త నయం. ఇన్‌హేలర్ కొట్టినా గుండెల్లో ఈల ఆగలేదు. రెండు మాటలు మాట్లాడేసరికి మూడోదానికి గాలి చాలడం లేదు. నా రూమ్మేట్ వార్డెన్‌కి చేసిన ఫోన్ మోగిమోగి ఆగిపోయింది. ఇద్దరు పట్టుకుని నన్ను సిక్ రూమ్‌కి దింపితే దానికి తాళం. తాళంచెవి ఆఫీసు గుమాస్తా దగ్గర, ఆయన ఇంటికెళ్లిపోయాడు, ఫోన్ స్విచాఫ్.

వాచ్‌మెన్ తాత ఎవరినీ అడగలేదు. ఇనప రాడ్డు తెచ్చి తాళం పగలగొట్టాడు. ఆక్సిమీటర్ అట్టపెట్టెలో భద్రంగా ఉంది, బ్యాటరీలు చచ్చిపోయి. మెస్‌లో వండే అప్ప (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం) పరుగెత్తుకెళ్లి టీవీ రిమోట్ తెచ్చి, దాంట్లోవి పీకి ఇచ్చింది. నా వేలికి తగిలిస్తూ, "ఒలమ్మో, గోళ్లు సూడండే, నీలంగా తిరిగిపోనాయి!" అంది. అంకెలు కాసేపు ఊగి 88 దగ్గర ఆగాయి. వెంటనే 108కి ఫోన్ చేశారు. బండి వచ్చేదాకా అప్ప నన్ను పడుకోనివ్వలేదు, వెనక కూర్చుని తన గుండెకి ఆనించుకుంది. ఆమె చీర తిరగమోత వాసన వేస్తోంది. చచ్చిపోతానేమో అని నేను పైకే అన్నానట, నాకు గుర్తులేదు.

పెద్దాసుపత్రిలో ఆక్సిజన్, నెబ్యులైజర్, పరీక్షకి ముక్కులో పుల్ల, ఐదు రోజులు పూటకొకటి చొప్పున ఫ్లూ మందు టామీఫ్లూ, అదంతా మామూలే. డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది మాత్రం మరిచిపోలేను. ఆ మందు మొదటి 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది, ఇంత ముదిరాక మాత్రం ఆలస్యమైనా ఇవ్వాల్సిందేనట. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడే కేంద్రం రోగుల్ని ఏ, బీ, సీ అని విడదీసింది. ఉత్త జ్వరం, దగ్గు అయితే ఏ, ఇంట్లో ఉంటే చాలు. జ్వరంతో పాటు ఉబ్బసం, షుగర్, గర్భం లాంటివి ఉంటే బీ, పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. ఆయాసం, నీలం గోళ్లు ఉంటే సీ, ఆసుపత్రే. నేను బీలో ఉన్నప్పుడే వెళ్లి చెప్పాను. సీలోకి వచ్చాక తాళం పగలగొట్టారు.

అమ్మ జీడి పిక్కల పని మానుకుని తెల్లారి మొదటి రైలుకే వచ్చింది. పైడితల్లమ్మకి మొక్కుకుందట. డిశ్చార్జ్ అయ్యాక విజయనగరం స్టేషన్ దగ్గర ఆ అమ్మవారి వనం గుడికి వెళ్లి చీర పెట్టాం. అమ్మవారే అప్ప రూపంలో వచ్చిందంటుంది అమ్మ. నేను కాదనను. అప్పకి కూడా ఒక చీర కొనిపించాను.

ఉబ్బసం ఉన్నవాళ్లు ఏటా వానలకి ముందే ఫ్లూ టీకా వేయించుకోండి. వైరస్ మారుతూ ఉంటుంది, పోయినేడు వేసుకున్నది చాలదు. వేసుకున్నాక పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. హాస్టల్లో చేరగానే సిక్ రూమ్ తాళంచెవి రాత్రిళ్లు ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. మా దగ్గర ఇప్పుడది వాచ్‌మెన్ తాత గదిలో మేకుకి వేలాడుతోంది, పక్కనే కొత్త బ్యాటరీల ప్యాకెట్టు.

వార్డెన్ మేడమ్ ఆసుపత్రికి యాపిల్స్ తెచ్చారు. ఆ రోజు నన్నన్న మాట ఎత్తలేదు. సెమిస్టర్ చివర్లో నా హాజరు 75 కంటే తగ్గిందని, దాన్ని మన్నించడానికి కాలేజీ నా చేత కండోనేషన్ ఫీజు కట్టించుకుంది, డిశ్చార్జ్ కాగితం జిరాక్స్ జతచేస్తేనే.