హఠీసింగ్ దేరాసర్‌లో ఒక ఉదయం

అహ్మదాబాద్‌లో ఢిల్లీ దర్వాజా దాటి షాహీబాగ్ వైపు సాగే రోడ్డు ఉదయం తొమ్మిదింటికే ఆటోలతో, సిటీ బస్సులతో కిక్కిరిసిపోతుంది. హఠీసింగ్ ఆలయం ఆ రోడ్డు పక్కనే ఉంది. గుజరాతీ జైనులు గుడిని దేరాసర్ అంటారు. తోలు వస్తువులు లోపలికి తీసుకువెళ్లకూడదు కనుక చెప్పులతో పాటు బెల్టును కూడా బయటే వదిలి లోపల అడుగుపెట్టాను.

నడుమ పదిహేనవ తీర్థంకరుడు ధర్మనాథుని ఆలయం, ఆవరణ చుట్టూ 52 చిన్న గుళ్లు, అంతటా తెల్లని పాలరాయి. స్తంభాల మీది తీగలను, పూలను దగ్గరగా చూస్తే, మనిషి చేయి అందని ఎత్తులోని రేకును సైతం శిల్పి అంతే శ్రద్ధగా చెక్కాడని తెలుస్తుంది.

ఈ గుడిని తలపెట్టిన వర్తకుడు హఠీసింగ్ కేసరీసింగ్ అది పూర్తి కాకముందే కన్నుమూశారు. ఆయన భార్య హరకుంవర్ శేఠాణి, భర్త పోయిన దుఃఖంలోనూ పని ఆగనివ్వకుండా, ప్రేమ్‌చంద్ సలాట్ అనే స్థపతి చేత నిర్మాణం పూర్తి చేయించి 1848లో ప్రతిష్ఠ జరిపించారు. అప్పట్లోనే లక్షల రూపాయలు ఖర్చయిందని, కరువు రోజుల్లో ఈ పని ఎందరో శిల్పులకు, కూలీలకు అన్నం పెట్టిందని చెబుతారు. గుడికి భర్త పేరే నిలిచినా, నేను అక్కడ ఉన్నంతసేపూ నా మనసులో మెదిలింది ఆమే.

మండపంలో ఒక పెద్దావిడ చిన్న పీట మీద బియ్యంతో స్వస్తికం వేసి, దాని పైన మూడు చిన్న కుప్పలు పోసి, వాటిపైన చంద్రవంకను తీరుస్తున్నారు. మన తెలంగాణలోని కొలనుపాక జైన ఆలయంలో ఇదే బియ్యపు ముగ్గును ఎన్నోసార్లు చూసినా దాని అర్థం ఎవరినీ అడగలేదు. ఈసారి ఆగలేక, "మాతాజీ, ఇదేమిటి?" అని హిందీలో అడిగాను. స్వస్తికం నాలుగు గతులలో, అంటే నాలుగు రకాల జన్మలలో, తిరిగే జీవుడి సంసారమని, మూడు కుప్పలు సమ్యక్ దర్శనం, జ్ఞానం, చారిత్రమని, అంటే సరైన విశ్వాసం, జ్ఞానం, నడవడి అని ఓపికగా చెప్పి, చంద్రవంక వైపు వేలు చూపించి, "అక్కడికి చేరితే మళ్లీ పుట్టనక్కరలేదు, దీక్రా (బిడ్డా)" అన్నారు. తరువాత పీట మీది నుంచి జారి పాలరాతి మీద పడిన రెండు గింజలను ఏరి, చంద్రవంకలో చేర్చి, కళ్లు మూసుకున్నారు.